మజిలీల దారి: గోల్కొండనుండి బందరుకు

కొత్తపేట అను పేరుగల ఊళ్ళు తెలుగునాట ఎన్ని కలవో లెక్కపెట్టుట కష్టము. పాతపేట చాలనపుడెల్ల దారిప్రక్క క్రొత్తగా వెలసిన అంగళ్ళ వరుసకు జనులు ఆ పేరు పెట్టుచు వచ్చిరి. మేము నివసించు కొత్తపేట హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్. బి. నగరునకును నడుమ, విజయవాడ రహదారి నానుకొని ఉన్నది. చిరకాలము ఇచట పండ్ల మార్కెట్టు ఉండెను. వేసవిలో మామిడి, తక్కిన కాలమున బత్తాయి లారీలకెక్కి ఈ దారినే వచ్చెడివి. 2022 నాటికి ఆ మార్కెట్టు తరలిపోయినది. ఎక్కడికి? అదే దారిలో మరికొంత దూరమున నున్న బాటసింగారమునకు! ఊరి పేరులోనే బాట ఉన్నది. 2018 సెప్టెంబరులో మెట్రోరైలు ఎల్. బి. నగరు వరకు వచ్చినది గాని, అదియు ఈ దారి నెత్తిమీదనే నడచుచున్నది.

ఇది నేడు 65వ జాతీయ రహదారి. పూర్వపు లెక్కలో 9వది. విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. అచటినుండి బందరు మరి 70. ఉదయము కాఫీ త్రాగి బయలుదేరినవారు మధ్యాహ్న భోజనమునకు కృష్ణ ఒడ్డున ఉందురు. మేము దంపతులము గత పుష్యమాసమున ఈ దారిని ఆరు దినములలో, పాత మజిలీలను వెదకికొనుచు, పోతిమి. మాలో ఒకరు కారు నడుపుటయు, రెండవవారు పటమును పుస్తకమును ఒడిలో పెట్టుకొని దారి చెప్పుటయు అని పని పంచుకొంటిమి. త్వరగా పోవుటకు వేసిన దారిపై మెల్లగా పోవుట ఏమి వేడుకయని బంధువులు నవ్విరి. కాని మూడువందల యేండ్లకు పూర్వము ఈ దారిని పోయినవారి వ్రాతలు చదివినది మొదలు మాకొక సందేహము పట్టుకొన్నది. వారి తీరిక ప్రయాణమునకు మూల్యము చెల్లించినవారు ఎవరు? ఎవరు మోసిరి, ఎవరు వండి పెట్టిరి, ఎవరు నీరు నిలిపిరి? చరిత్ర పుస్తకములలో రాజుల పేర్లు దొరకును గాని ఈ ప్రశ్నకు సమాధానము దారిప్రక్కననే వెదకవలెను.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమునకు పునాది వేయునాటికే బందరు గోల్కొండ రాజ్యమునకు సముద్రద్వారము. పదునేడవ శతాబ్దపు తొలి సంవత్సరములలో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును అచట వర్తకశాలలు పెట్టుకొనిరి. తీరమునుండి అద్దకపు వస్త్రములు ఓడలకెక్కి పారశీకమునకు పోవుచుండెను. అటనుండి గుర్రములును, వాటితో పండితులును, వైద్యులును, కొలువు కోరువారును దిగుచుండిరి. వీరందరికిని రాజధాని చేరుటకు ఇదే దారి.

ఈ దారికి శీతకాలమే మంచి కాలము. వానలలో నల్లరేగడి నేల కాలిని పట్టుకొని వదలదు. మూసీ, మునేరు పొంగి పడవలు కట్టుబడును. కార్తికము దాటినగాని తీరమున తుపాను భయము తీరదు. ఎండలు ముదిరినచో త్రోవలో చెరువులు అడుగంటును. మార్గశిరమునుండి మాఘము వరకు మాత్రము నేల గట్టిగాను, చెరువు నిండుగాను, ఎండ మెత్తగాను ఉండును. మేము పోవునాటికి నల్లగొండ చేలలో కంది కోతకు వచ్చియుండెను. ప్రత్తి తెల్లగా విచ్చియుండెను. రాతిగుట్టల నడుమ తాటిచెట్లు తప్ప పచ్చదనము తక్కువ. ఎడారి కాదు గాని, నీటికి వెల తెలిసిన సీమ.

1639లో అబ్దుల్లా కుతుబ్ షా బందరు చూడబోయెను. ఆ యాత్రను ఆస్థాన చరిత్రకారుడు నిజాముద్దీన్ అహమద్ తన ‘హదీఖతుస్సలాతీన్’ అను పారశీక గ్రంథమున కెక్కించెను. రాజు కదలెనన్న ఒక పట్టణమే కదలినట్లు. మాకు మాత్రము రాజయాత్రకంటె, అదే దారిని వ్యాపారమునకై పోయిన ఒక ఫ్రెంచి వర్తకుని లెక్కలు ఎక్కువ ఉపకరించినవి. టావెర్నియే అను ఆ రత్నవర్తకుడు పలుమారులు మన దేశమునకు వచ్చి, 1676లో తన యాత్రల గ్రంథము ప్రకటించెను. వర్తకుడు గనుక ధరలు మరువడు. గోల్కొండనుండి బందరుకు నేరుగా పోయిన 100 క్రోసులనియు, వజ్రపు గనిమీదుగా పోయిన 112 అనియు, తాను సాధారణముగా రెండవ దారినే పోవుదుననియు వ్రాసెను. తన చిన్నబండిని ఈ దారిని తెచ్చుటకు పడిన పాట్లుకూడ చెప్పెను. గుట్టలు, చెరువులు, నదులు, ఇరుకు కనుమలు అడ్డమగుటచే బండిని మాటిమాటికి ఊడదీసి, ముక్కలుగా మోయించి, అవతల మరల బిగించుకొనవలసి వచ్చెనట! అనగా నేడు నాలుగు వరుసల వాహనములు పరుగెత్తు ఈ మార్గము ఆనాడు చక్రమునకు లొంగని మార్గము. ఎద్దు వీపు, గుర్రము వీపు, మనుష్యుని భుజము—ఇవియే దీనిపై వాహనములు.

మనుష్యుని భుజము సంగతి టావెర్నియే వివరముగా వ్రాసెను. త్వరగా పోదలచినవారు పల్లకీకి పన్నిద్దరు బోయీలను పెట్టుకొందురు. వంతులవారీగా భుజము మార్చుకొందురు. ఒక్కొక్కనికి నెలకు నాలుగు రూపాయలు. ప్రయాణము అరువది దినములకు మించిన అయిదు. అన్నమును అందులోనే. మర్యాదగా పోదలచినవాడు ఇరువది ముప్పదిమంది ఆయుధపాణులను కూడ అదే జీతముపై వెంట నుంచుకొనవలెను. గోల్కొండ సీమలో పల్లకీలు తక్కిన దేశములో కంటె పెద్దవనియు, అందులో పోవుట సుఖమనియు, త్వరయనియు, ఖర్చు తక్కువయనియు ఆ వర్తకుడు మెచ్చుకొనెను. మాలో ఒకరు కాగితముపై లెక్క వేసిరి: పన్నిద్దరికి నెలకు నలువదియెనిమిది రూపాయలు. ఆ సుఖము చౌకయగుటకు కారణము బోయీ కూలి చౌకయగుటయే. వాని పేరు ఏ పుటలోను లేదు. బోయీల పాటలు జానపద వాఙ్మయమున కొన్ని మిగిలియున్నవి గాని, ఈ దారిపై మోసినవారు తమ కథను తాము వ్రాసుకొనలేదు.

ఎల్. బి. నగరు దాటిన కొంతసేపటికే హయత్‌నగరు. మహమ్మద్ కులీ కుమార్తె, మహమ్మద్ కుతుబ్ షా భార్య, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి యగు హయాత్ బక్షీ బేగము పేరు ఈ ఊరికి నిలిచినది. కుమారుడు 1626లో బాల్యముననే సింహాసన మెక్కుటచే రాజ్యభారములో ఆమె చేయి చాలకాలము ఉండెను, 1667లో మరణించెను. ఎత్తైన వేదికపై అయిదు కమానుల మసీదు, దానిచుట్టు బాటసారులకై కట్టిన సరాయి గదులు, సమీపమున ‘హాథీ బౌలి’ అను పెద్ద దిగుడుబావి. ఏనుగుచే నీరు తోడించెడివారు గనుక ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. రహదారిమీద పోవువారికి ఇదేమియు కనబడదు. దుకాణముల వెనుక సందులో దిగిన తరువాత కనబడును. మేమొక గదిగుమ్మమున కూర్చుండి రొట్టె తింటిమి. గోడ మందము వలన లోపల చల్లగా నుండెను. వచ్చిన దూరమును తలచుకొన్నచో నగరమునుండి ఒక పూట నడక. రాజధాని విడిచిన బిడారు మొదటి రాత్రి దిగుటకు ఇంతకంటె అనువైన తావు లేదు. ఇరాను దేశపు దారులలో ఒక దినపు ప్రయాణమునకు ఒకటిగా సరాయిలు కట్టుట చిరకాలపు ఆచారము. హమదాను ప్రాంతమునుండి వచ్చిన కుతుబ్ షాహీ వంశమునకు ఆ ఆలోచన క్రొత్తది కాదు. మనకు అంతకుముందే సత్రములును చలిపందిళ్ళును ఉన్నవి. రెండు ధర్మములును ఈ దారిపై కలిసినవి.

కలిసినవనుటకు టావెర్నియే సాక్ష్యము కలదు. తన మార్గములో తొలి మజిలీయగు ‘తెనారా’ అనుచోట తోటలతో కూడిన నాలుగు అందమైన భవనములు చూచితిననియు, అందు ఒకదాని ముంగిలి మూడు వైపుల పేద బాటసారులకు గదులుండెననియు వ్రాసెను. సాయంకాలము కాగానే వారికి రొట్టెయో, అన్నమో, వండిన కూరయో పంచెడివారు. పరుల చేతివంట తినని హిందువులకు పిండియు, కొంచెము నేయియు ఇచ్చెడివారు. వారు తామే రొట్టె కాల్చుకొని, రెండు ప్రక్కల నేయి పూసికొని తినెడివారట. ఈ చిన్న సంగతి మాకు రాజుల దండయాత్రలకంటె గొప్పగా తోచినది. పెట్టువాడు తన మతమును తినువానిపై రుద్దలేదు. తినువాడు తన నియమము కొరకు పస్తుండనక్కరలేకపోయెను. పిండి విడిగా కొలిచి యిచ్చుటకు ఒక వంటశాల అధికారి ఆలోచించి యుండవలెను. ఆతని పేరును మనకు తెలియదు.

టావెర్నియే తరువాతి మజిలీల పేర్లు ఆతని ఫ్రెంచి నోట నలిగి, పొడుపుకథలవలె నున్నవి. ‘యాతెనగర్’ మన హయత్‌నగరు. ‘పతెంగి’ చౌటుప్పలు దాటిన పిమ్మట వచ్చు పంతంగి. అచట నేడు టోలుగేటు ఉన్నది. సంక్రాంతికి ఊళ్ళకు పోవు హైదరాబాదు జనము ఏటేట కార్లలో బారులు తీరి నిలుచునది ఇచటనే. మూడున్నర శతాబ్దముల క్రిందట దిగి విశ్రమించినచోటనే ఇప్పుడు అందరును విసుగుకొనుచు నిలిచియుందురు! మా వంతు వచ్చుటకు రెండు నిమిషములే పట్టెను.

‘పెంగ్యూల్’ అనునది పానగల్లు. నార్కటుపల్లినుండి దక్షిణమునకు మరలి నల్లగొండ దరి చేరిన ఇది కనబడును. ఇది కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయపు స్తంభములపై శిల్పము కన్నులపండువు. ఛాయా సోమేశ్వరాలయమున పగలెల్ల గర్భగృహములో కదలక నిలుచు నీడను చూచుటకు జనులు వత్తురు, మేమును చూచితిమి. అయినను మమ్ము ఎక్కువసేపు నిలిపినది గుడి కాదు, ఉదయసముద్రము. చోడరాజు ఉదయుని పేర వెలసిన ఆ చెరువు ఎనిమిది వందల యేండ్లు దాటినను నీటితో నున్నది. ఇపుడు కృష్ణానది కాలువ నీటిని నిలుపు జలాశయముగా పనిచేయుచున్నది. ఇంత నీరుండుటచేతనే పానగల్లు మజిలీ అయినది. ఈ జిల్లా నీటికథ అందరు నెరిగినదే. రాతినేల లోతులలోని నీట ఫ్లోరైడు అధికమగుటచే తరములు తరములుగా ఎముకలు వంగిన పల్లెలు ఇచట కలవు. పటికతోను సున్నముతోను ఆ దోషమును తగ్గించుటకు 1970 దశకమున నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిన విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు. వాననీటిని నిలిపిన చెరువులో ఈ దోషము స్వల్పము. లోతుగా త్రవ్వి తోడుకొనుట మొదలైన తరువాతనే ఆపద పెరిగినది. చెరువు కట్టించినవానికి రసాయనశాస్త్రము తెలియకపోవచ్చును. నీరు నిలుప తెలియును.

ఆ దారినే మరియొక జనసమూహము ఏటేట పోవుచుండెను. బంజారాలు. ఒక్కొక్క బిడారమున వేల ఎద్దులు. పదివేలు, పండ్రెండువేలు కూడ ఉండునని టావెర్నియే వ్రాసెను. వారిలో ఒక తెగవారు ధాన్యము, ఒకరు బియ్యము, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోయుదురట. తీరపు ఉప్పు తెలంగాణపు కుండలోనికి వచ్చినది ఇట్టి ఎద్దుల వీపుమీదనే. వారికి ఇల్లును దారియే. పెండ్లాము బిడ్డలతో కదలుచు, రాత్రి ఎక్కడ దిగిన అదే ఊరు. తీరిక ప్రయాణమను మాట వారిముందు పలుకుటకు మాకు సిగ్గు కలుగును. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల తండాలలో వారి సంతతి నేడు సేద్యము చేయుచున్నది.

సూర్యాపేట చేరువ పిల్లలమఱ్ఱి. కాకతీయుల సామంతులగు రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయములు అచట గలవు. ఎఱకేశ్వరాలయమును 1208లో ప్రతిష్ఠించినది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ. భర్త అధికారియైనను, శాసనముతో శిలమీద నిలిచిన పేరు ఆమెది. మాలో ఒకరు ఈ సంగతిని రెండవవారికి ఆ సాయంకాలమంతయు గుర్తుచేయుచునే యుండిరి. శాసనములలో గుడితోపాటు భూములు, చెరువులు, వృత్తులు చెప్పబడుట కాకతీయుల కాలపు వాడుక. ఊరి చెరువును, గుడిని వేరువేరుగా చూచుట మన కాలపు పొరపాటు.

సూర్యాపేట దగ్గర మూసీ దాటునపుడు వేరొక శీతకాలము కాదు, ఒక సెప్టెంబరు జ్ఞప్తికి రావలెను. 1948లో భారతసైన్యములో ఒక విభాగము విజయవాడనుండి ఈ దారినే హైదరాబాదునకు సాగెను. వెనుదిరుగుచున్న నిజాము సేనలు మూసీ వంతెనను కూల్చినవి. కాని కాపలా పెట్టలేదు. భారతసైనికులు త్వరలోనే బాగుచేసికొని ముందునకు వచ్చిరి. దారి ఎప్పుడును రెండువైపులకు పోవును.

కోదాడకు ఇవతల మునగాల. నిజాము రాజ్యము నడుమ ఇది బ్రిటిషువారి కృష్ణాజిల్లాకు చెందిన పరగణా, నలువైపుల పరరాజ్యము. ఈ దారిని పోవువాడు నిజాము సరిహద్దు దాటి, ఇంగ్లీషు నేల త్రొక్కి, మరల నిజాము నేలకు వచ్చి, పిమ్మట మరల ఇంగ్లీషు నేల చేరవలెను. ప్రతిచోట సుంకపు చౌకీలు. ఈ విచిత్రమైన ద్వీపమునకు రాజా నాయని వెంకటరంగారావు జమీందారు; కొమఱ్ఱాజు లక్ష్మణరావు దివాను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలయుటకు వీరి పూనిక ముఖ్యము. తెలుగు చదువునకు నిజాము రాజ్యమున ఆదరము లేని దినములలో, ఈ దారిమధ్య చిన్న పరగణా ఒకటి రెండువైపుల తెలుగువారిని కలుపుకొన్నది. 1956లో సరిహద్దు పోయినది. 2014లో కోదాడకును జగ్గయ్యపేటకును నడుమ మరల వచ్చినది. కారులోని రేడియోకు ఈ పట్టింపు లేదు. హైదరాబాదు కేంద్రము సన్నగిల్లుచుండగనే విజయవాడ కేంద్రము అందుకొన్నది; కొంతదూరము రెండును కలిసి వినవచ్చెను.

కోదాడ వద్ద మేము పెద్దదారి విడిచి కృష్ణ ఒడ్డునకు పోతిమి. నదికి ఆవలిదరిని కొల్లూరు. టావెర్నియే తన దారిని పండ్రెండు క్రోసులు పొడిగించుకొన్నది ఈ గనికొరకే. జొన్నవంటి పైరు వేయుటకు నేల త్రవ్విన ఒక పేదవానికి ఇరువదియైదు క్యారట్ల రాయి దొరకుటచే గని బయటపడెనని అతడు విన్నాడు. తాను చూచునాటికి ఆడవారు, పిల్లలతో కలిపి దాదాపు 60,000 మంది అచట పనిచేయుచుండిరట. మగవారు త్రవ్వ, ఆడువారును పిల్లలును మన్ను మోయవలెను. రాళ్ళు గోల్కొండకును, పారిసునకును పోయినవి. వాని పేర్లు, బరువులు, చేతులు మారిన వైనము అన్నియు గ్రంథములకెక్కినవి. కోహినూరు ఇచటిదేయని పలువురు చెప్పుదురు. మోసిన అరువదివేలలో ఒక్కరి పేరైనను లేదు. కొల్లూరు ఊరు పులిచింతల జలాశయములో మునిగినది. మేము ఇవతలి గట్టుననుండి చూచినది విశాలమైన నిశ్చల జలము, దానిపై కొంగలు. ఆ నీరు దిగువ కృష్ణాడెల్టా చేలకు పారును. వజ్రములకంటె ఇది మెరుగని మాలో ఒకరనిరి. రెండవవారు ఊరు విడిచినవారి మాట యెత్తిరి. ఆ వాదము జగ్గయ్యపేట వరకు తెగలేదు.

విజయవాడను గూర్చి శ్రోతలకు మేము క్రొత్తగా చెప్పునది లేదు. అచటినుండి బందరుదారిలో టావెర్నియే పేర్లు మరల పలుకరించినవి. ‘వూచిర్’ ఉయ్యూరు; ‘నిలిమోర్’ నిడుమోలు. బస్సుల పలకలపై ఆ పేర్లు చూచి మేము పాత చుట్టములను గుర్తుపట్టినట్లు సంతోషించితిమి. చేరువనే కూచిపూడి. కడపటి కుతుబ్ షాహీ సుల్తాను అబుల్ హసన్ తానాషా ఈ దారిని పోవుచు భాగవతుల ఆట చూచి, మెచ్చి, ఊరిని అగ్రహారముగా ఇచ్చెనని ఆ ఊరివారి సంప్రదాయము. దారిలో ఒక రాత్రి దిగినందుకు ఒక నాట్యకళకు నిలువనీడ దొరికినది.

బందరులో ఓడల వైభవము ఎప్పుడో తగ్గినది. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి కోటను గెలుచుకొనిరి. రేవు మేట వేసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమంది ప్రాణములు తీసినది. 2023లో క్రొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి. డచ్చివారి శ్మశానవాటికలో వర్తకుల సమాధులు, కులచిహ్నములు చెక్కిన పెద్ద పలకలతో, ఇంకను చెడక ఉన్నవి. కాపలాదారు మమ్ము ఎక్కడినుండి వచ్చితిరని అడిగెను. హైదరాబాదునుండి, ఆరు దినములలో అని చెప్పితిమి. కారు చెడిపోయెనా అని అతడు జాలితో అడిగెను.